ఊలుతో బంబుల్‌బీ బొమ్మ అల్లే పద్ధతి

బంబుల్‌బీ (ఒళ్లంతా నూగుండే బొద్దు తుమ్మెద) బొమ్మను స్వెట్టర్ అల్లినట్టు వదులుగా అల్లకూడదు. 8 ప్లై (మధ్యరకం మందం) ఊలుకు మామూలుగా 4 మి.మీ. సూదులు వాడతారు గానీ, దీనికి 3.25 మి.మీ. (10 నంబరు) తీసుకోండి. అల్లిక వదులైతే నల్ల చారల సందుల్లోంచి లోపల కూరిన తెల్లటి ఫైబర్ కనిపిస్తుంది. ఎంత కూరితే అంత బయటపడుతుంది. మీ చెయ్యే వదులైతే ఇంకో సైజు తగ్గించండి.

నలుపు, పసుపు, తెలుపు యాక్రిలిక్ ఊలు ఒకే మందంలో ఉండాలి. నల్ల ఊలును ముందే తడిపి తెల్లగుడ్డ మీద రుద్ది చూడండి. రంగు దిగితే పక్కన పెట్టెయ్యండి. కూరడానికి పాలిస్టర్ ఫైబర్ సుమారు 15 గ్రాములు. బూరుగు దూది వద్దు, ఉతికితే ఉండకట్టి లోపల ఆరదు.

అల్లిక తోక నుంచి మొదలవుతుంది. తెల్ల ఊలుతో 6 కుట్లు ఎక్కించండి. 1, 3, 5 ఇలా బేసి వరుసలన్నీ పర్ల్ (ఊలును ముందుకు తెచ్చి అల్లే ఉల్టా అల్లిక), సరి వరుసలు నిట్ (ఊలును వెనక ఉంచి అల్లే మామూలు అల్లిక). 2వ, 4వ వరుసల్లో ప్రతి కుట్టునూ రెండు చెయ్యాలి: ముందు నుంచి నిట్ అల్లి, సూది మీంచి జార్చకుండానే వెనక నుంచి మరోసారి అల్లాలి. అప్పుడు 12, తర్వాత 24 అవుతాయి. 6వ వరుసలో ఒకటి వదిలి ఒకటి పెంచితే 36.

8వ వరుస నుంచి పెంచడం, తగ్గించడం లేదు: నలుపు 4 వరుసలు, పసుపు 4, నలుపు 6, పసుపు 4. రంగు ఎప్పుడూ నిట్ వరుసలోనే మార్చండి, పర్ల్ వరుసలో మారిస్తే పైవైపు రెండు రంగులూ కలిసి చుక్కలు పడతాయి. పక్కకు పెట్టిన ఊలును కత్తిరించకుండా అంచు వెంబడే పైకి తీసుకెళ్లండి. బిగించి లాగితే అంచు ముడుచుకుని ఒళ్లు వంకరపోతుంది.

26వ వరుసలో తల, నలుపుతో: 4 నిట్, 2 కలిపి 1, ఇలా ఆరుసార్లు (30). 27 నుంచి 31 దాకా మామూలుగా అల్లండి. 32లో 3 నిట్, 2 కలిపి (24); 34లో 2 నిట్, 2 కలిపి (18); 36లో అన్నీ రెండేసి కలిపితే 9. పాతిక సెంటీమీటర్ల ఊలు వదిలి కత్తిరించి, ఆ 9 కుట్లలోంచి దూర్చి బిగించండి.

పైవైపు మీకు కనిపించేలా పెట్టుకుని, అంచు కుట్టు పక్కనున్న అడ్డపోగుల్ని ఇటొకటి అటొకటి ఎత్తుతూ కుట్టండి. కుట్టు పొట్టకిందికి వస్తుంది. రెండు వేళ్లు పట్టేంత సందు ఉంచి ఫైబర్‌ను చిన్న చిన్న పీచులుగా కూరండి, పెద్ద ముద్ద పెడితే గడ్డలు తేలతాయి. సందు మూశాక 26వ వరుస చుట్టూ నల్ల ఊలుతో టాకా వేసి లాగితే మెడ వస్తుంది. మరీ లాగితే చీమ అవుతుంది.

రెక్కలు రెండు చాలు, నిజానికి నాలుగుంటాయి. అన్ని వరుసలూ నిట్ అల్లండి, లేకపోతే అంచులు చుట్టుకుపోతాయి. తెలుపుతో 3 కుట్లు, ఒక వరుస విడిచి ఒక వరుసలో రెండు చివర్లా పెంచుతూ 7 చెయ్యండి. 8 వరుసలయ్యాక 5కి తగ్గించి ముగించండి. మెడ వెనక పసుపు చార దాటాక వచ్చే నలుపు మీద, వేలెడు దూరంలో కుట్టండి.

తెల్ల తోక యూరప్ తోటల్లో తిరిగే రకానిది. మన పెరటి నల్ల తుమ్మెద కావాలంటే ఒళ్లంతా నలుపు, రెక్కలు ముదురు నీలం.

మూడేళ్లలోపు పిల్లలకైతే కళ్లకు పూసలు, మీసాలకు తీగ పెట్టకండి. కళ్లు తెల్ల ఊలుతో కుట్టి, మీసాలకు నల్ల ఊలును మూడు సెంటీమీటర్లకు మించకుండా గట్టిగా ముడేయండి.