పాములేరులో దిగే ముందు జాగ్రత్తలు

పాములేరు మారేడుమిల్లి దగ్గరి కొండవాగు. రాజమండ్రి నుంచి మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. కోనసీమ కాలవల్లో ఈత నేర్చినవాళ్లకే ఇక్కడ ప్రమాదం ఎక్కువ. కాలవలో అడుగున బురద, ఒకే తీరు ప్రవాహం. కొండవాగులో నాచు పట్టిన బండలు, వాటి పక్కనే గుంటలు. తేటనీరు కళ్లను మోసం చేస్తుంది: 4 అడుగుల లోతు 3 అడుగుల్లా కనిపిస్తుంది. అందుకే కర్రతో లోతు చూడకుండా దిగొద్దు, బండ మీంచి దూకనే దూకొద్దు.

– ఎగువన కొండల్లో వాన పడితే, మీ నెత్తిన ఎండ కాస్తున్నా వాగు పొంగుతుంది. నీరు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా వెంటనే గట్టెక్కండి. సామాన్ల కోసం ఆగొద్దు.
– వడి ఉన్నచోట మోకాలి లోతు దాటొద్దు. కాలు బండల మధ్య ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకు తోసి ముంచేస్తుంది. కొట్టుకుపోతుంటే నిలబడబోకండి, వెల్లకిలా తేలుతూ, పాదాలు దిగువకు పెట్టి, గట్టు వైపు జరగండి.
– లైఫ్ జాకెట్ భుజాల దగ్గర పట్టి పైకి లాగండి. చెవుల దాకా వస్తే వదులుగా ఉన్నట్టే.
– 15 మీటర్ల తాడు గట్టు మీద సిద్ధంగా ఉండాలి. మునిగేవాళ్ల కోసం దూకకండి, తాడు విసరండి.
– మద్యం తాగినవాళ్లను నీళ్లలోకి రానివ్వొద్దు.

దోమలకు నిండు చేతుల చొక్కాలు వేసుకోండి. తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరమొస్తే ఏజెన్సీ (మన్యం) ప్రాంతానికి వెళ్లొచ్చామని డాక్టరుకు చెప్పండి, మలేరియా పరీక్ష చేస్తారు.