బ్యాటరీ గదిలో పనికి దిగే ముందు

లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఛార్జ్ అవుతుంటే, ముఖ్యంగా చివర్లో, హైడ్రోజన్ వదులుతాయి. మూసిన గదైతే ఇవి చూసుకోండి.

- గ్యాస్ చేరిందని అనుమానం వస్తే ఏ స్విచ్చీ ముట్టుకోకండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌దైనా సరే. గాలిలో 4 శాతం చేరితే చాలు, స్విచ్‌లో పుట్టే చిన్న రవ్వకే అంటుకుంటుంది. తలుపు తెరిచి వదిలేసి బయటికి వచ్చేయండి, కరెంటు బయటి మెయిన్ దగ్గరే తీయండి.

- వాసన రావట్లేదు కదా అని ధైర్యం చేయకండి, హైడ్రోజన్‌కి వాసనే లేదు. డిటెక్టర్ కావాలి, అదీ పైకప్పు దగ్గర.

- కిటికీ తెరిస్తే సరిపోదు. కిటికీకీ కప్పుకీ మధ్య ఆ జానెడు జాగాలోనే ఇది చేరుతుంది, వెంట్ అక్కడ ఉండాలి.

- ఉంగరం, వాచీ తీసేయండి. స్పానర్‌తో పాటు అవీ టెర్మినళ్లకు తగిలి రవ్వలు లేపుతాయి.

- హైడ్రోజన్ మంట పగటి వెలుగులో దాదాపు కనబడదు.