బస్సూ రైలూ కలిపే లెక్క – 3వ పాఠం: సాయంత్రం బస్సు

గత రెండు పాఠాల్లో మీ ఊరి స్టేజీలో ఎవరు ఎక్కుతున్నారు, ఎక్కడికి పోతున్నారు, వాళ్లలో రైలో మెట్రోనో పట్టుకోవాల్సినవాళ్లు ఎందరు అన్నది రాసుకున్నాం. ఆ కాగితాలు దగ్గర పెట్టుకోండి. ఈసారి నేర్చుకునే పని ఒక్కటే: రైలు దిగిన మనిషికి బస్సు అందేలా బయలుదేరే టైం పెట్టడం. నోట్‌బుక్, పెన్ను, ఫోన్‌లో గడియారం ఉంటే చాలు.

డిపోకు ఇచ్చే వినతిపత్రాల్లో ఎక్కువగా పొద్దుటి బస్సు గురించే అడుగుతారు. మనం సాయంత్రం నుంచి మొదలుపెడదాం. మహబూబ్‌నగర్ చుట్టుపక్కల పల్లె నుంచి హైదరాబాద్‌లో పనికి పోయే మనిషిని తీసుకోండి. పొద్దున తమ్ముడి బండి మీదో, పాల ఆటోలోనో ఎట్లాగో స్టేషన్ చేరుకుంటాడు. రాత్రి ఏడున్నరకు స్టేషన్ బయటికి వచ్చాక ఊరికి బస్సు ఉంటుందో ఉండదో తెలియకపోతేనే అసలు టెన్షన్. రెండుసార్లు అట్లా చిక్కుకుపోయాడంటే మూడోరోజు నుంచి బైక్ తీస్తాడు. అప్పుడు ఆర్టీసీ పోగొట్టుకునేది రెండు ప్రయాణాలు: రాత్రి ఊరికి వచ్చేది, మర్నాడు పొద్దున స్టేషన్‌కు పోయేది. కాగితం మీద మాత్రం "పొద్దుటి ట్రిప్పుకు జనం లేరు" అనే కనిపిస్తుంది. జనం లేరని ఆ ట్రిప్పు తీసేస్తే మిగిలిన నలుగురూ పోతారు. అందుకే సాయంత్రం కుదిరాకే పొద్దుటిది చూడాలని నేను గట్టిగా చెబుతాను.

మహిళలకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబర్ 9 నుంచి టికెట్ ఖర్చు లేదు. ఇక వాళ్లను ఆపేది డబ్బు కాదు, ఎదురుచూపు. చీకటి పడ్డాక స్టేషన్ ముందు నలభై నిమిషాలు నిలబడాలంటే ఏ ఇంట్లోనైనా "వద్దులే" అనే అంటారు.

ఏ వైపు లెక్క కావాలి?

ముందు ఒక సూత్రం. బండ్లు సమాన వ్యవధిలో నడుస్తూ, మనిషి టైం చూడకుండా వస్తే, అతను సగటున ఎదురుచూసేది ఆ వ్యవధిలో సగం. 6 నిమిషాలకొక బండి ఉంటే 3 నిమిషాలు. గంటకొకటి ఉంటే 30 నిమిషాలు.

ఇప్పుడు దీన్ని ఎల్బీనగర్‌లో పెట్టి చూడండి. దేవరకొండ నుంచి మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా వచ్చే బస్సు దిగి అక్కడ మెట్రో ఎక్కొచ్చు. 2018 సెప్టెంబర్ 24 నుంచి మియాపూర్ దాకా లైను ఉంది. బస్సు పది నిమిషాలు లేటైనా నష్టం ఆ పది నిమిషాలే, ఎందుకంటే ఒక మెట్రో పోతే వెనకాలే ఇంకోటి వస్తుంది. ఇటువైపు టైములు కలపాల్సిన పనే లేదు. అదే మనిషి సాయంత్రం మెట్రో దిగి, ఇబ్రహీంపట్నం, మాల్ మీదుగా దేవరకొండ దాటి లోపలి ఊరికి పోవాలనుకోండి. రెండు నిమిషాల తేడాతో చివరి పల్లె వెలుగు తప్పితే ఆ రాత్రికి దారి లేదు. మార్గం ఒకటే, మనిషీ ఒకడే, కానీ పోయేటప్పుడు లేని లెక్క వచ్చేటప్పుడు కావాలి. తరచుగా నడిచే బండి నుంచి అరుదుగా నడిచే బండికి మారే చోటే టైములు కలపాలి. మీ నోట్‌బుక్‌లో అలాంటి చోట్లన్నిటికీ ఎర్ర గుర్తు పెట్టండి. మిగతావి ఇప్పటికి వదిలేయండి.

బయటి దేశాల్లో లైట్ రైల్ అనే తేలికపాటి పట్టణ రైళ్లు వచ్చినప్పుడు కూడా ఈ ప్రశ్నే ఎదురైంది. కెనడాలో ఎడ్మంటన్‌లో 1978లో, కాల్గరీలో 1981లో అవి మొదలయ్యాయి. కాల్గరీలో శివారు కాలనీల బస్సులను స్టేషన్ల దగ్గరికి మళ్లించి రైలుకు జనాన్ని అందించే పని అప్పగించారు. స్విట్జర్లాండ్ 1982లో దేశమంతటా ప్రతి గంటా ఒకే నిమిషానికి రైలు బయలుదేరే పద్ధతి తెచ్చింది. అట్లా ఉంటే బస్సును కూడా ప్రతి గంటా అదే నిమిషానికి కట్టేయొచ్చు, జనానికీ నోటికి వచ్చేస్తుంది. మన ప్యాసింజర్ బండ్లు అట్లా నడవవు కాబట్టి ఒక్కో రైలుకు విడిగా లెక్క వేసుకోవాల్సిందే.

నడకను కొలవడం

స్టేషన్ దగ్గర కొలవాల్సింది రైలు ఆగిన క్షణం నుంచి బస్సు మెట్టు మీద కాలు పెట్టే దాకా పట్టే సమయం. మీరు చేతులూపుకుంటూ నడిచి కొలిస్తే ఆ అంకె పనికిరాదు. చివరి పెట్టె దగ్గర నిలబడండి. చంకలో పిల్లాడు, చేతిలో సంచి ఉన్న తల్లినో, మోకాళ్ల నొప్పులున్న పెద్దాయననో దూరం నుంచి గమనించండి. బండి రెండో ప్లాట్‌ఫారం మీదికి వస్తే ఫుట్‌ఓవర్ బ్రిడ్జి ఎక్కి దిగాలి. మెట్ల మొదట్లో గుంపు ఆగుతుంది, మధ్యలో ఒకరు సంచి చేయి మార్చుకోవడానికి నిలబడతారు, బయట ఆటోల మధ్య నుంచి సందు వెతుక్కోవాలి. కుర్రాడు రెండు నిమిషాల్లో దాటే దారి ఆమెకు ఆరు నిమిషాలు. మీ లెక్కలో రాయాల్సింది ఆరు. ఆ తల్లికి బస్సు అందితే అందరికీ అందినట్టే.

బస్సు స్టేషన్ ముందుకు రాకుండా బస్టాండ్ నుంచే బయలుదేరితే అక్కడి దాకా పట్టే సమయం కూడా కలపాలి.

బయలుదేరే టైం

ఇక్కడి అంకెలు లెక్క నేర్చుకోవడానికి అనుకున్నవి. టైంటేబుల్ ప్రకారం రైలు రాత్రి 7:10కి వస్తుంది. పది పనిదినాలు చూస్తే ఆలస్యం ఇట్లా ఉంది (నిమిషాల్లో, తక్కువ నుంచి ఎక్కువకు): 0, 2, 3, 5, 5, 6, 8, 9, 12, 25. నడక 6 నిమిషాలు.

చాలామంది వెంటనే సగటు తీస్తారు. మొత్తం 75, సగటు ఏడున్నర. 7:10కి ఏడున్నర, ఆరు కలిపితే సుమారు 7:24. బస్సును 7:24కి పెడితే ఏమవుతుంది? 8 నిమిషాల ఆలస్యం దాకా అందుతుంది. 9, 12, 25 వచ్చిన మూడు రోజులూ తప్పుతుంది. పది రోజుల్లో మూడుసార్లు తప్పే బస్సును ఎవరూ నమ్మరు. ఏడు రోజులు అందిన సంగతి ఎవరికీ గుర్తుండదు, తప్పిన మూడు రాత్రులే గుర్తుంటాయి.

కాబట్టి సగటు వద్దు. వరుసలో తొమ్మిదో అంకె చూడండి: 12. 7:10కి 12, దానికి 6 కలిపితే 7:28. జనానికి గుర్తుండేలా 7:30 అనుకుందాం. పదిలో తొమ్మిది రోజులు అందుతుంది. మిగిలింది 25 నిమిషాలు లేటైన రోజు.

ఆపాలా, వదిలేయాలా?

ఆ రోజు దిగినవాళ్లు బస్సు దగ్గరికి వచ్చేసరికి 7:41. అంటే బస్సును 11 నిమిషాలు ఆపాలి. అప్పటికే లోపల 30 మంది కూర్చుని ఉంటే వాళ్లందరిదీ కలిపి 330 నిమిషాలు పోతాయి. రైలు దిగి వస్తున్నవాళ్లు 8 మంది, వాళ్లు చేరిన గంటకు గానీ తర్వాతి బస్సు లేదంటే వాళ్లు పోగొట్టుకునేది 480 నిమిషాలు. ఆపడమే సరైనది. వచ్చేది నలుగురే అయితే 240, అప్పుడు బస్సు పోనివ్వాలి. బస్సు తిరిగి వచ్చి ఇంకో ట్రిప్పు వేయాల్సి ఉంటే అక్కడ ఎదురుచూసేవాళ్ల నిమిషాలు కూడా బస్సు ఆపితే పోయే నిమిషాల్లో కలపండి.

చివరి బస్సుకు ఈ లెక్క వర్తించదు. దాని తర్వాత బస్సే లేదు, పోగొట్టుకునేది ఒక రాత్రి. పైగా ఊళ్లో నైట్ హాల్ట్ చేసే బస్సైతే ఆ రాత్రి దానికి ఇంకో ట్రిప్పు కూడా ఉండదు. చివరి బస్సు రైలు కోసం ఆగి తీరాలి. ఎంతసేపు అన్నదానికి ఒక హద్దు మాత్రం పెట్టుకోండి, లేకపోతే లోపల కూర్చున్నవాళ్లకు అన్యాయం జరుగుతుంది.

ఇదంతా కండక్టర్ మంచితనం మీద వదిలేయకూడదు. లేటైతే సంజాయిషీ చెప్పాల్సింది అతనే, అందుకే భయపడి టైముకు తీసేస్తాడు. "7:30 సర్వీసు రైలు కోసం 7:45 దాకా ఆగవచ్చు" అని డిపో మేనేజర్ నుంచి రాతపూర్వకంగా ఉండాలి. ఆపమని చెప్పే బాధ్యత బస్టాండ్ కంట్రోలర్‌కు ఇవ్వాలి. రైలు జడ్చర్ల దాటిందో లేదో ఫోన్‌లో చూడటం నిమిషం పని. మీ వినతిపత్రంలో "రైలుకు అనుకూలంగా బస్సు నడపాలి" అని రాస్తే ఫైల్లో పడి ఉంటుంది. పది రోజుల ఆలస్యం పట్టిక, నడక సమయం, రైలు దిగి ఆ రూటుకు పోయేవాళ్ల సంఖ్య, అడుగుతున్న టైం, ఆగాల్సిన హద్దు ఒకే పేజీలో పెట్టి ఇవ్వండి. అది చదివిన అధికారి కాదనాలంటే కూడా ఏదో ఒక అంకెను కాదనాలి, అక్కడి నుంచి మాట ముందుకు సాగుతుంది.

ఇంకో మాట. స్టేషన్ దాకా బస్సు కలపడమంటే హైదరాబాద్ దాకా నేరుగా పోయే సర్వీసు తీసేయడం కాదు. సాయంత్రం కలయిక నమ్మకంగా నడిచి, జనం తమంతట తాము మారే దాకా నేరు బస్సు ముట్టుకోవద్దు.

అభ్యాసం

1. మీరు ఎర్ర గుర్తు పెట్టిన చోట్లలో ఒకటి ఎంచుకుని పది పనిదినాలు రైలు వచ్చిన అసలు టైం రాయండి. ఆదివారాలు, పండగ రోజులు వేరే పేజీలో.

2. ఆలస్యాలు 1, 1, 4, 6, 7, 7, 10, 14, 18, 40. రైలు టైం 6:35, నడక 8 నిమిషాలు. తొమ్మిది రోజులు అందాలంటే బస్సు ఎప్పుడు తీయాలి? (జవాబు: 6:35కి 18, దానికి 8 కలిపితే 7:01. పట్టికలో 7:05 అని పెట్టండి.)

3. అదే బస్సులో 20 మంది కూర్చుని ఉన్నారు. 40 నిమిషాలు లేటైన రోజు రైలు నుంచి 5గురు వస్తున్నారు, తర్వాతి బస్సు 8:05కి. ఆపాలా? (జవాబు: వాళ్లు చేరేది 7:23కి. 18 నిమిషాలు ఆపితే 360 నిమిషాల నష్టం. ఆపకపోతే ఒక్కొక్కరికి 42, మొత్తం 210. బస్సు పోనివ్వాలి.)

4. రెండో రైలుకు కూడా అదే బస్సు తిరిగి రావాలంటే ఊరికి పోయి వచ్చే మొత్తం సమయం కావాలి. వచ్చే పాఠానికి మీ రూటులో ఒక రౌండు ఎక్కి తిరిగి, ప్రతి స్టేజీలో బస్సు ఆగిన నిమిషాలతో సహా రాసి ఉంచండి.