వానలకు ముందే రాధామనోహరం తీగకి కత్తెర వేయండి

రాత్రి ఎనిమిదింటికి వీధిలో నడుస్తుంటే ఏ ఇంట్లో రాధామనోహరం ఉందో వాసనే చెప్పేస్తుంది. సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది, మర్నాటికి గులాబీ రంగుకి తిరుగుతుంది, ఆ తర్వాత ఎర్రబడుతుంది. అందుకే ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి. కొందరు మధుమాలతి అంటారు. కొమ్మ గుచ్చితే బతుకుతుంది, ఏడాదంతా పచ్చగా ఉంటుంది, నీళ్లు పోయడం నాలుగు రోజులు మరిచినా అలగదు.

దీనితో వచ్చిన చిక్కల్లా మనం దీన్ని ఎప్పటికీ లేత తీగే అనుకోవడం. అయిదారేళ్లు వదిలేస్తే మొదలు మణికట్టంత లావవుతుంది. పైన పరుపు పరిచినట్టు ఆకు మీద ఆకు పేరుకుంటుంది. వాన పడితే ఆ పరుపు తడిసి బరువెక్కుతుంది, గాలి వస్తే తెరచాపలా నిలబడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు మా గేటు మీది ఇనప కమాను వేళ్లతో సహా పెకిలినట్టు కాంక్రీటు దిమ్మెతో సహా పడిపోయింది, కింద ఉన్న మా స్కూటర్ మీదే. పక్కింటి కమాను కూడా మా వెల్డరు చేసిందే. దాని మీద తీగ లేదు. అది చెక్కుచెదరలేదు. ఆ రోజు నుంచి గాలిని తిట్టడం మానేశాను.

మే రెండో వారంలోపు ఈ పని అయిపోవాలి. జూన్‌లో రుతుపవనాలు వచ్చేదాకా ఆగుదామంటే కుదరదు, మే నెలాఖరు సాయంత్రాల్లో ఉరుములతో వచ్చే ఈదురుగాలే ముందు దెబ్బ కొడుతుంది. సరిగ్గా అప్పుడే తీగ విరగబూసి ఉంటుంది. మా పక్కింటి పిన్నిగారు ఏటా ఒకే మాట, "పూలతో ఉన్న తీగని కొయ్యకమ్మా, ఉసురు తగుల్తుంది" అని. నాకూ చేతులు రావు. కానీ ఈ తీగ కొత్త చిగురు మీదే పూస్తుంది. ఇప్పుడు కోసిన చోట వానలకి చిగుళ్లు వస్తాయి, మళ్లీ వాటి చివరే గుత్తులు దిగుతాయి. పిన్నిగారికి ఒక దోసెడు పూలు ఇచ్చి కత్తెర తీసుకోవడమే నేను చేసేది.

అలాగని మే ఎండలో మొత్తం గుండు కొట్టేయవద్దు. అంత గట్టిగా కొయ్యాలంటే చలి తగ్గాక, జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో చేసుకోవాలి. ఇప్పుడు మూడో వంతు తగ్గిస్తే చాలు. ఎక్కడ కొయ్యాలన్నదే అసలు సంగతి. చాలామంది పైపైన క్షవరం చేసినట్టు కొనలు కత్తిరిస్తారు. దానివల్ల కోసిన ప్రతి కొనకీ రెండు మూడు చిగుళ్లు లేచి పైభాగం ఇంకా దట్టమవుతుంది, లోపలి ఎండుపుల్ల అలాగే ఉండిపోతుంది. లోపలి నుంచి మొదలుపెట్టండి. ముందు ఎండినవి లాగేయండి, తర్వాత ఒకదాన్నొకటి పెనవేసుకున్న కొమ్మల్లో పాతదాన్ని మొదలుకంటా తీసేయండి, చివరగా గాలిలోకి చాచిన పొడుగాటి కొరడాలు. కింద నిలబడి పైకి చూస్తే అక్కడక్కడా ఆకాశం ముక్కలు కనబడాలి. అప్పుడే గాలి దాన్ని తొయ్యకుండా దానిలోంచి పోతుంది.

చేతులు జాగ్రత్త. ఆకు రాలినా దాని కాడ మొదలు కొమ్మనే అంటుకుని ముల్లులా గట్టిపడుతుంది, తీగ పైకి పాకేది ఆ కొక్కేల పట్టుతోనే. పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, కళ్లద్దాలు పెట్టుకోండి. లాగిన కొమ్మ వెనక్కి కొట్టేది మొహం మీదికే. నిచ్చెన గోడకి ఆనిస్తే ప్రతి నాలుగు అడుగుల ఎత్తుకీ ఒక అడుగు చొప్పున కాళ్లు దూరంగా ఉండాలి. తీగ మీదికి మాత్రం నిచ్చెన ఆనించవద్దు. కింద ఒక మనిషి పట్టుకోకుండా ఎక్కవద్దు.

కత్తెర పెట్టేముందు పది నిమిషాలు ఊరికే చూస్తూ నిలబడండి. కందిరీగలు ఒకే చోటికి వచ్చిపోతుంటే లోపల పట్టు ఉన్నట్టే. పొగపెట్టి, మంటపెట్టి సాహసాలు చేయకుండా అలవాటున్నవాళ్లని పిలవండి. పిగిలిపిట్టలకి ఈ తీగంటే మహా ఇష్టం, ఎండాకాలంలోనే గూడు కడతాయి. గుడ్లో పిల్లలో ఉంటే ఆ ముక్క వదిలేసి మిగతాది కొయ్యండి, దాదాపు నెల రోజుల్లో అవి ఎగిరిపోతాయి. పసరిక పాము కనబడితే మాత్రం కంగారు పడకండి, దాని విషంతో మనిషికి పెద్ద ప్రమాదం లేదు, దాని దారిన దాన్ని పోనివ్వండి. భయపడాల్సింది కింద మొదట్లో పేరుకున్న ఎండుటాకుని చూసి. కట్లపాము దాక్కునేది అలాంటి చోటే. మొదలు చుట్టూ రెండు మూడడుగులు శుభ్రంగా ఊడ్చి ఉంచండి, ఊడ్చేది కూడా చేత్తో కాదు, పొడుగు చీపురుతో.

ఇక కరెంటు. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరుని ఈ తీగ వెతుక్కుంటూ వెళ్లి మరీ చుట్టుకుంటుంది. పచ్చి కొమ్మలో, అందులోనూ తడిసినదాన్లో, కరెంటు పారుతుంది. వైరుకి తగిలిన కొమ్మని మీరు కొయ్యవద్దు, తోటమాలి చేత కోయించవద్దు. 1912కి ఫోన్ చేస్తే లైన్‌మన్ వచ్చి సప్లై ఆపి తీయిస్తారు. వాళ్లు వచ్చేదాకా టెన్షన్ పడుతూ అల్యూమినియం నిచ్చెన తెచ్చుకోవద్దు. ఈ పేరా ఒక్కటి గుర్తుంటే మిగతావన్నీ మరిచిపోయినా ఫర్వాలేదు.

తీగ తేలికయ్యాక పందిరి సంగతి చూడండి. సరుగుడు రాటైనా వెదురైనా పుచ్చేది నేలకి సమానంగా ఉన్న చోటే. పైన గట్టిగానే కనబడుతుంది. ఒక స్క్రూడ్రైవర్‌తో అక్కడ పొడిచి చూడండి, మెత్తగా దిగితే రాట మార్చాల్సిందే. ఇనుమైతే అతుకుల దగ్గర తుప్పు గీకి రంగు వేయండి. తీగని కట్టడానికి బైండింగ్ వైరు వాడకండి, కాండం లావవుతున్నకొద్దీ అది లోపలికి కోసుకుపోతుంది. పాత నూలు చీర చింపిన పీలికలు దీనికి బంగారం. రాట చుట్టూ ఒక మెలిక, తీగ చుట్టూ ఒక మెలిక, మధ్యలో వేలు పట్టేంత వదులు.

డాబా మీదికి పాకించినవాళ్లకి ఇంకో తలనొప్పి ఉంది. రాలిన పూలు బుట్టలకొద్దీ తూము దగ్గర చేరి వాన నీళ్లకి అడ్డుపడతాయి. రాత్రంతా నీళ్లు నిలిచి పొద్దున్నకి స్లాబు చెమ్మగిల్లుతుంది. తూముకి జాలీ పెట్టి, వాన సూచన ఉన్న రోజు సాయంత్రం ఒకసారి ఊడ్చేయండి. మెట్ల మీద తడిసిన పూరేకులు అరటితొక్క కంటే తక్కువేం కాదు, ఇంట్లో పెద్దవాళ్లుంటే మరీ చూసుకోవాలి.

హైదరాబాద్ అపార్టుమెంట్లలో కుండీలో పెంచేవాళ్లు పిట్టగోడ మీది కుండీ కిందికి దించడం ముఖ్యం. అడుగు చిల్లులు వేళ్లతో మూసుకుపోయాయేమో చూసుకోండి, కింది పళ్లెం తీసేయండి, లేకపోతే దోమలకి ఇల్లు కట్టించినట్టే. నేలలో ఉన్నదానికి మొదట్లో నీళ్లు నిలవకుండా చిన్న కాలువ తీస్తే సరిపోతుంది. పిలకలు దూరంగా ఎక్కడెక్కడో లేస్తాయి, గోడ పునాది వైపు వచ్చినవాటిని లేతగా ఉండగానే తవ్వి తీయండి. కోసిన తర్వాత మాగిన పశువుల ఎరువు రెండు చేతుల నిండా చాలు. యూరియా వేస్తే ఆకు ఎగబడుతుంది, పూలు రావు, మనం తగ్గించిన బరువు నెలలో తిరిగొచ్చేస్తుంది.

కోస్తావాళ్లు సెప్టెంబరు చివర్లో ఇంకోసారి లోపలి కొమ్మలు పలచన చేసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. అప్పటికి మేలో కోసినదంతా మళ్లీ అల్లుకుపోయి ఉంటుంది.

ఇంత చేసినా ఒక్కోసారి పడిపోతుంది. పడితే ముందు దాని కింద కరెంటు వైరు ఉందేమో చూడండి, అనుమానం ఉంటే దగ్గరికే వెళ్లకండి. మొత్తాన్ని తాళ్లేసి లేపి నిలబెట్టాలని చూస్తే మొదలు చీలిపోతుంది. పందిరి సంగతి తర్వాత, ముందు తీగని మోకాలెత్తు దాకా నున్నగా కోసేసి వదిలేయండి. హుద్‌హుద్ తర్వాత మా తీగకి మిగిలింది అంత మోడే. మరుసటి ఏడాది వానలకి కొత్త కమాను సగం ఎక్కింది, ఆగస్టులో పూసింది. మొదటి గుత్తి పిన్నిగారికే ఇచ్చాను.