'పుల్లింగ్ మై లెగ్' అంటే ఏమిటో రష్యన్‌వాళ్లకి చెప్పడం ఎలా

విజయనగరంలో మా మేడమీద గదిలో కూర్చుని, రష్యన్ మాట్లాడేవాళ్లకి ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు చెబుతుంటాను. రష్యాలోని కజాన్ నగరంలో సాయంత్రం 7 అయ్యేసరికి మనకి రాత్రి 9:30. అంటే వంటిల్లు సర్దేశాకే నా బడి. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మనవాళ్లు గ్రామర్ బాగానే లాగిస్తారు గానీ, జాతీయాల దగ్గరికొచ్చేసరికి నీళ్లు నములుతారు. అందుకే 'యూ ఆర్ పుల్లింగ్ మై లెగ్' అన్న ఒక్కదాన్ని పట్టుకుని, ఎలా చెప్పాలో రాస్తున్నాను.

ముందు మనకి అర్థం తేలాలి. సరదాకి ఏదో కల్పించి చెప్పి, అవతలివాళ్లని కాసేపు నమ్మించడం, అంటే ఆటపట్టించడం. బేరం మరీ కిందికి లాగితే మా వీధిలో కూరలమ్మే ఆమె "ఏటి బాబూ, ఆటలాడతన్నావేటి నాతోటి?" అంటుంది. సరిగ్గా ఆ గొంతే. అందులో కోపం పావు, నవ్వు ముప్పావు. మనం 'కాళ్లు పట్టుకు లాగడం' అనేది వేరు. పైకొస్తున్నవాణ్ణి చూసి ఓర్వలేక కిందికి దించడం అది. మన ఆఫీసుల్లో 'లెగ్ పుల్లింగ్' అని ఈ అర్థంలో కూడా వాడేస్తారు. క్లాసులో మాత్రం ఆ అర్థం పొరపాటున కూడా రానివ్వకండి.

ఇక అసలు చిక్కు. ఈ మాట చెప్పగానే స్టూడెంట్ మొహం వెలిగిపోయి "ఓ, చెవులకి నూడుల్స్ తగిలించడమా!" అంటారు. వాళ్లకి నిజంగానే అలాంటి జాతీయం ఉంది, 'వేషత్ లప్షూ నా ఊషి' అని. మనం చెవిలో పువ్వులు పెడితే, వాళ్లు చెవులకి నూడుల్స్ వేలాడదీస్తారు. ముచ్చటేసి వెంటనే "కరెక్ట్" అనేయకండి. నూడుల్స్ తగిలించేవాడికి మామూలుగా ఏదో లాభం ఉంటుంది. పాత కారుకి ఇంజన్ పోయిన సంగతి దాచి "షోరూమ్ బండిలా ఉందండీ" అనే బ్రోకరు చేసేది ఆ పని. కాలు లాగేవాడికి కావలసింది కాసేపు నవ్వు, అంతే. రష్యన్‌లో దానికి దగ్గరి మాట 'రజీగ్రివత్'. ఏప్రిల్ 1న ఫ్రెండ్ ఫోన్ చేసి "రేపు ఆఫీసు సెలవట" అని నమ్మించడం ఆ జాతి. నేనైతే బ్రోకరునీ ఫ్రెండునీ పక్కపక్కన పెట్టి, ఏది నూడుల్సో ఏది కాలో వాళ్లనే తేల్చమంటాను. ఇక్కడ పది నిమిషాలు పోయినా నష్టం లేదు.

వాక్యంలో పెట్టమంటే రెండు తప్పులు వస్తాయి. రష్యన్‌లో వర్తమాన కాలానికి ఒకటే రూపం. 'చేస్తాను', 'చేస్తున్నాను' అని మనకున్న తేడా వాళ్ల క్రియకి లేదు. పైగా 'ఆర్' లాంటి మాట వర్తమానంలో పలకరు. అందుకే "యూ పుల్ మై లెగ్" అంటారు. రెండోది, రష్యన్‌లో 'నగా' అంటే కాలూ అదే, పాదమూ అదే. కాబట్టి "పుల్లింగ్ మై ఫుట్" అని వస్తుంది. దీనికి నవ్వకండి, మనకీ కాలు విరిగినా కాలే, చెప్పు వేసుకునేదీ కాలికే. తొడ నుంచి కిందిదాకా చేత్తో చూపించి 'లెగ్', చీలమండ దిగువన చూపించి 'ఫుట్' అంటే సరి. కెమెరా కొంచెం వెనక్కి జరుపుకోండి.

సాధన చేయించేటప్పుడు అబద్ధాలు వెతుక్కోనక్కర్లేదు, నమ్మశక్యం కాని నిజాలు చాలు. నేను సిరిమాను చెబుతాను. "మా ఊళ్లో దసరా తర్వాత వచ్చే మంగళవారం, ఒక పెద్ద చింతమాను చివర పూజారి కూర్చుంటారు. ఆయన్ని అలా గాల్లో ఉంచే, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు" అంటాను. "యూ ఆర్ పుల్లింగ్ మై లెగ్!" అని వాళ్ల నోటంట దానంతటదే వస్తుంది. అప్పుడు పైడితల్లి అమ్మవారి పండగ ఫొటో చూపిస్తాను. తర్వాత వాళ్ల వంతు, వాళ్ల ఊరి వింతలు చెప్పాలి. నమ్మలేకపోతే నేను బ్రిటిష్‌వాళ్లలా "పుల్ ది అదర్ వన్" అంటాను. ఈ కాలు కాదు, ఆ రెండోది లాగు, అని.

ఈ జాతీయం ఎలా పుట్టిందని అడుగుతారు. దొంగల కథలు, ఉరికంబం కథలు నెట్‌లో బోలెడున్నాయి. రుజువు లేనివి, వాటి జోలికి పోకండి.

ఎక్కడ వాడాలో చెప్పడం మరిచిపోవద్దు. స్నేహితులతో, చనువున్న కొలీగ్స్‌తో పర్వాలేదు. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో, స్పీకింగ్‌లో సందర్భం కుదిరితే బాగుంటుంది, రైటింగ్‌లో వద్దు. వీసా ఆఫీసర్ దగ్గర అసలే వద్దు.

కాలు మాట వచ్చింది కాబట్టి, తర్వాతి క్లాసులో 'బ్రేక్ ఎ లెగ్' పెట్టండి. కాలు విరగ్గొట్టుకో అంటూనే శుభం కోరడం అది. దీనికి వాళ్లు ఇట్టే అందుకుంటారు. పరీక్షకి వెళ్లేవాళ్లకి వాళ్లూ "ఈకా వద్దు, నూగూ వద్దు" అన్నట్టు 'నీ పూహా, నీ పెరా' అని తిరగేసే దీవిస్తారు. దానికి బదులు 'క్ చోర్టు', అంటే దయ్యం దగ్గరికి పో అనడం ఆనవాయితీ. ఇంగ్లీషులో మాత్రం "థాంక్స్" అని ఊరుకోమని గట్టిగా చెప్పండి. ఆ 'క్ చోర్టు'ని యథాతథంగా ఇంగ్లీషులో పెడితే, పాపం దీవించినవాళ్లు తిట్టనుకుంటారు.