ఇక్కత్ చీర ఫొటోలో లోగో దొరకడం లేదా? సమస్య - పరిష్కారం

పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట నేతన్నలు ఫోన్‌లో తీసి పంపే చీరల ఫొటోల్లో లేబుల్ మీది లోగోను పట్టుకునే ప్రోగ్రాం రాసేవాళ్ల కోసం ఇది. ఫలితం తప్పు రాగానే కొత్త మోడల్ వెతకొద్దు. ముందు ఆ ఫొటోను పూర్తి సైజులో తెరిచి చూడండి.

లోగో కంటికి కనిపిస్తోంది, ప్రోగ్రాం లేదంటోంది

చాలాసార్లు కారణం టెంప్లేట్ మ్యాచింగ్. అది నమూనా బొమ్మను ఫొటో మీద జరుపుకుంటూ పిక్సెళ్లను పోలుస్తుంది. లేబుల్ కాస్త తిరిగినా, దూరం నుంచి తీసినా స్కోరు పడిపోతుంది. బదులుగా సిఫ్ట్ (SIFT) అనే పద్ధతి వాడండి. సైజు మారినా, బొమ్మ తిరిగినా నిలబడే కీ పాయింట్లను, అంటే మళ్లీ గుర్తుపట్టగలిగే ప్రత్యేక బిందువులను, అది వెతుకుతుంది. 1999లో డేవిడ్ లోవ్ ప్రకటించిన ఈ పద్ధతికి పేటెంట్ గడువు 2020లో తీరింది. బొమ్మలతో పనిచేసే ఓపెన్‌సీవీ (OpenCV) లైబ్రరీలో ఉచితంగా ఉంది.

సాదా చీర మీద పనిచేస్తోంది, ఇక్కత్ మీద చేయడం లేదు

మన దగ్గర అసలు చిక్కు ఇదే. వేగం కోసం సిఫ్ట్ బదులు ఆర్బ్ (ORB) పద్ధతి వాడుతుంటే, సెట్టింగ్ మార్చకపోతే అది ఫొటోకు 500 కీ పాయింట్లే ఉంచుకుంటుంది. అది పట్టుకునేది మూలలను, ఇక్కత్ నిండా మూలలే. కోటా అంతా డిజైన్‌కే పోయి లేబుల్‌కు ఏమీ మిగలదు. కోటా పెంచొచ్చు గానీ, ముందు లేబుల్ వరకు కత్తిరించి ఆ ముక్కలోనే వెతకడం మేలు.

వెతికేది చీరలోని డిజైనే అయితే కథ వేరు. ఒక్కో కీ పాయింట్‌కు దొరికిన మొదటి పోలిక రెండోదానికంటే స్పష్టంగా మెరుగ్గా ఉంటేనే, పోలికలను వడకట్టే రేషియో టెస్ట్ ఒప్పుకుంటుంది. ఒకే పువ్వు చీరంతా ఉంటే రెండూ దాదాపు సమానంగా వస్తాయి, సరైన పోలికలు కూడా ఎగిరిపోతాయి. నమూనాగా ఒక్క పువ్వు తీసుకుని, ఫొటోలో కూడా ఒక్కో పువ్వును విడిగా కత్తిరించి పోల్చండి.

ఆకారాల అంచులు తెగితెగి వస్తున్నాయంటే ఫొటోను తప్పుపట్టకండి. ఇక్కత్‌లో నూలును ముందే కట్టి రంగు అద్ది, తర్వాత నేస్తారు. అంచు కాస్త పాకినట్టు ఉండటం ఆ పనితనం గుర్తు, దాన్ని లోపంగా లెక్కగట్టే ప్రోగ్రాం నేతన్నకు అన్యాయం చేస్తుంది. షార్ప్ చేస్తే దారాల గీతలే పైకొస్తాయి. కొద్దిగా బ్లర్ చేసి, అంచులు వెతికే క్యానీ పద్ధతిలోని హద్దులు రెండూ తగ్గించండి.

లేబుల్ సగం నల్లగా, సగం తెల్లగా వస్తోంది

గుమ్మం దగ్గర ఎండా నీడా కలిసి పడ్డ ఫొటో ఇది. బొమ్మను నలుపు, తెలుపుగా విడదీసే ఓట్సు పద్ధతి బొమ్మంతటికీ ఒకే హద్దు గీస్తుంది. బదులుగా ఒక్కో చోటికి వేరే హద్దు లెక్కగట్టే అడాప్టివ్ థ్రెషోల్డ్ పెట్టండి. గద్వాల జరీ మెరుపు తెల్లగా కాలిపోయిన చోట మాత్రం ఏ ఫిల్టరూ పనిచేయదు. కోణం మార్చి మళ్లీ తీయమనాలి.

పోలికలు దొరికాయి, లోగో చుట్టూ గీసిన పెట్టె వంకరగా ఉంది

నమూనాను ఫొటోలోని లేబుల్ మీదికి సరిపెట్టే హోమోగ్రఫీ లెక్కకు లేబుల్ చదునుగా ఉండాలి, మడత మీద ఉంటే కుదరదు. నాలుగు పాయింట్లు చాలంటుంది గానీ, నాలుగింటినే నమ్మితే ఒక్క తప్పు పోలిక అంతా చెడగొడుతుంది. తప్పు పోలికలను పక్కకు నెట్టే ర్యాన్సాక్ (RANSAC) పెట్టి, ఎన్ని పాయింట్లు ఆ లెక్కకు ఒప్పాయో చూసి, మరీ తక్కువైతే ఫలితాన్ని తోసేయండి.

అన్నీ సరిచేసినా మసకే

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గి, సన్న గీతలు చెరిగిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపమనండి.