పాత బైకు ఇండికేటర్లను ఎల్‌ఈడీకి మార్చడం ఎలా?

పాత బైకు నడిపేవారికి ఈ ఇబ్బంది బాగా తెలుసు. చీకటి పడ్డాక కూడలి దగ్గర బండి ఆపుతారు. ఇంజను నెమ్మదిగా తిరుగుతుంటుంది. ఇండికేటర్ వేస్తే వెలగనా మాననా అన్నట్టు ఎర్రగా, నీరసంగా వెలుగుతుంది. అది వెలిగినప్పుడల్లా హెడ్‌లైటు కూడా మసకబారుతుంది. ఇంజను వేగం తగ్గితే ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటు తగ్గిపోతుంది, ఆ లోటంతా బ్యాటరీ మీద పడుతుంది. 12 వోల్టుల బండిలో 21 వాట్ల బల్బు ఒక్కటే 1.75 ఆంపియర్లు లాగుతుంది. ముందుదీ వెనకదీ కలిపితే 3.5. 6 వోల్టుల బండిలో అదే వాట్ల బల్బుకు ఇంతకు రెట్టింపు కరెంటు కావాలి. ఎల్‌ఈడీ బల్బుకైతే సాధారణంగా 0.1 నుంచి 0.3 ఆంపియర్లు చాలు.

బల్బులు తీసి కొత్తవి పెడితే పని అయిపోతుందనుకుని మొదలుపెట్టేవారే ఎక్కువ. తీరా పెట్టాక ఇండికేటర్ మిణుకుమనకుండా అలాగే వెలుగుతూ ఉండిపోతుంది, లేదంటే ఎడమవైపు వేస్తే నాలుగూ వెలుగుతాయి. బల్బు పాడైందనుకుని మరో రకం కొంటారు. నిజానికి ఆ కాలపు సర్క్యూట్ మొత్తం బల్బు లాగే కరెంటును నమ్ముకుని తయారైంది. ఆ కరెంటు ఒక్కసారిగా తగ్గిపోతే ఏ భాగం ఎలా ప్రవర్తిస్తుందో ముందే తెలుసుకుంటే, ఒక పూటలో ఈ పని ముగించవచ్చు.

కొనేముందు బండిని పరీక్షించండి

ముందు వోల్టేజి కొలిచే మల్టీమీటర్ చేతికి తీసుకోండి. బ్యాటరీ 6 వోల్టులదా, 12 వోల్టులదా చూడండి. పుస్తకంలో ఉన్నదాన్ని నమ్మకండి. పాత బండి ఎన్నో చేతులు మారి ఉంటుంది, మధ్యలో ఎవరైనా 12 వోల్టులకు మార్చి ఉండవచ్చు.

తరువాత బ్యాటరీ ఏ కొస ఫ్రేముకు కలిసి ఉందో గమనించండి. ఎక్కువ బండ్లలో నెగటివ్ కొస ఉంటుంది. లూకాస్ విద్యుత్ పరికరాలతో వచ్చిన పాత బ్రిటిష్ బైకుల్లో చాలావాటికి మాత్రం పాజిటివ్ కొస ఎర్త్ అయి ఉంటుంది. ఎల్‌ఈడీలో కరెంటు ఒక దిశలోనే పారుతుంది కాబట్టి, నెగటివ్ ఎర్త్ కోసం చేసిన బల్బు ఆ బండిలో వెలగదు. ఎటు కలిపినా వెలిగే రకాన్ని అడిగి తీసుకోవాలి.

ఇంజను ఆపి, తాళం తిప్పి ఇండికేటర్ వేసి చూడండి. పనిచేస్తే అది బ్యాటరీ మీద, అంటే ఒకే దిశలో పారే డీసీ కరెంటు మీద నడుస్తోందని అర్థం. ఇంజను తిరిగితేనే వెలిగే బండి అయితే దిశ మారుతూ ఉండే ఏసీ కరెంటు నేరుగా వస్తూ ఉండవచ్చు. అలాంటిదానికి ఎల్‌ఈడీ పెట్టేముందు ఆ సర్క్యూట్‌ను డీసీకి మార్పించుకోవాలి.

చివరిగా ఇంజను నడుపుతూ, వేగం పెంచి, బ్యాటరీ కొసల దగ్గర వోల్టేజి కొలవండి. 12 వోల్టుల బండిలో 14 నుంచి 14.5 దాకా ఉంటే సరే. 15 దాటుతుంటే వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ సరిగా లేదు, ముందు దాన్ని బాగుచేయించాలి. ఫిలమెంటు బల్బు కాస్త ఎక్కువ వోల్టేజిని ఓర్చుకుంటుంది గాని, ఎల్‌ఈడీ లోపలి చిన్న భాగాలు ఓర్చుకోలేవు. కొత్త బల్బులు నెల తిరగకుండానే ఒక్కొక్కటిగా పోతున్నాయంటే నేను మొదట అనుమానించేది రెగ్యులేటర్‌నే.

ఏ బల్బు తీసుకోవాలి?

పాత బల్బు ఒకటి తీసి అడుగు భాగం చూడండి. 15 మిల్లీమీటర్ల వెడల్పు, పక్కన ఎదురెదురుగా ఒకే ఎత్తులో రెండు బుడిపెలు, అడుగున ఒకే కాంటాక్టు ఉంటే అది బీఏ15ఎస్. ఇండికేటర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. బీఏయూ15ఎస్ కూడా చూడటానికి ఇలాగే ఉంటుంది, కానీ దాని బుడిపెలు సరిగ్గా ఎదురెదురుగా ఉండవు, కాబట్టి ఈ హోల్డర్‌లో కూర్చోదు. అడుగున రెండు కాంటాక్టులున్న బీఏవై15డి బ్రేకు లైటుది.

రంగు విషయంలో రాజీ పడవద్దు. నారింజ రంగు గ్లాసు వెనక నారింజ ఎల్‌ఈడీనే పెట్టాలి. తెల్ల ఎల్‌ఈడీ వెలుగులో నారింజ భాగం తక్కువ. గ్లాసు దాటి బయటికి వచ్చేసరికి అది పాలిపోయిన పసుపుగా కనిపిస్తుంది. గ్లాసు వెనక గిన్నెలాంటి రిఫ్లెక్టర్ ఉంటే, వెలుగునిచ్చే చిప్పులు చుట్టూ అమర్చిన బల్బు కావాలి. ముందుకు మాత్రమే వెలుగు చిమ్మే బల్బు పెడితే రిఫ్లెక్టర్ చీకటిగా ఉండిపోతుంది. పొడవు కూడా కొలుచుకోండి. కొన్ని ఎల్‌ఈడీలు పాత బల్బుకన్నా పొడుగు, గ్లాసుకు తగిలి దాన్ని పగలగొడతాయి. పాత బండి గ్లాసు మళ్లీ దొరకడం ఎంత కష్టమో వెతికినవారికే తెలుసు.

అసలు పని ఫ్లాషర్ దగ్గర

ఇండికేటర్‌ను మిణుకుమనిపించేది ఫ్లాషర్. పాత ఫ్లాషర్ డబ్బాలో ఉండేది చాలావరకు వేడితో వంగే లోహపు పట్టీ. బల్బుల కరెంటు దాని గుండా పోతుంది, అది వేడెక్కి వంగుతుంది, కాంటాక్టు విడిపోతుంది. చల్లారగానే మళ్లీ కలుస్తుంది. మనం వినే ‘టిక్ టిక్’ అదే. ఎల్‌ఈడీ లాగే కొద్ది కరెంటుకు ఆ పట్టీ వేడెక్కదు. అందుకే ఇండికేటర్ వెలిగి అలాగే నిలిచిపోతుంది, లేదా అసలు వెలగదు. కొన్ని ఎలక్ట్రానిక్ ఫ్లాషర్లు కరెంటు తగ్గగానే బల్బు పోయిందనుకుని రెట్టింపు వేగంతో కొట్టుకుంటాయి.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, ప్రతి ఎల్‌ఈడీకి సమాంతరంగా రెసిస్టర్ (కరెంటుకు అడ్డుపడే భాగం) కలిపి పాత కరెంటును కృత్రిమంగా లాగించడం. 12 వోల్టుల బండిలో 21 వాట్ల బల్బుకు బదులుగా దాదాపు 7 ఓమ్‌లది కావాలి. ఈ దారి నాకు నచ్చదు. ఆదా చేయాలనుకున్న కరెంటంతా వేడి రూపంలో పోతుంది. ఇండికేటర్ కాసేపు వేసి ఉంచితే ఆ రెసిస్టర్ చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది. సీటు కింద వైర్ల కట్టకు ఆనించి కట్టిన రెసిస్టర్ వల్ల ఆ కట్ట మీది తొడుగు కరిగిపోయిన బండిని నేను కళ్లారా చూశాను.

రెండో దారి సరైనది. కరెంటు ఎంతైనా ఒకే వేగంతో కొట్టుకునే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేయడం. ఇందులో రెండు పిన్నులవీ మూడు పిన్నులవీ ఉంటాయి. ‘బి’ లేదా ‘49’ అని ఉన్నది బ్యాటరీ వైపు. ‘ఎల్’ లేదా ‘49ఎ’ స్విచ్ వైపు. ‘ఈ’ లేదా ‘31’ ఎర్త్. పిన్నులు ఉన్న చోటును బట్టి కలపకండి, తయారీని బట్టి వాటి వరుస మారుతుంది. తాళం తిప్పి ఏ వైరులో వోల్టేజి వస్తోందో మీటర్‌తో చూసి, అదే ‘బి’కి ఇవ్వండి. పాత ఫ్లాషర్ మీద మూడో పిన్ను ‘పి’ అని ఉంటే అది ఎర్త్ కాదు, స్పీడోమీటర్ దగ్గర ఉండి, ఇండికేటర్ వేసి ఉందని చూపే పైలట్ బల్బుకు పోయే వైరు. దాన్ని కొత్తదాని ఎర్త్ పిన్నుకు కలపకూడదు. పాజిటివ్ ఎర్త్ బండికి రెండు పిన్నుల ఫ్లాషర్ తీసుకుని, రెండు వైర్లనూ తారుమారు చేసి కలపాలి.

వైర్లు విప్పేముందు ఫోనుతో ఫొటోలు తీసుకోండి. ఎర్త్‌కు కలిసిన బ్యాటరీ కొసను మొదట విప్పి పక్కన పెట్టండి. పాత ఫ్లాషర్ రబ్బరు మీద వేలాడుతూ ఉంటే కొత్తదాన్నీ అలాగే అమర్చండి, అదురు నుంచి అదే కాపాడుతుంది.

నాలుగూ ఎందుకు వెలుగుతాయి?

ఎక్కువ మంది చిక్కుకునేది ఇక్కడే. చాలా పాత బండ్లలో రెండు వైపులకూ కలిపి ఒకే పైలట్ బల్బు ఉంటుంది. దాని ఒక కొస ఎడమ వైరుకు, మరో కొస కుడి వైరుకు కలిసి ఉంటుంది, ఎర్త్ వేరే ఉండదు. ఎడమ ఇండికేటర్ వేసినప్పుడు కరెంటు పైలట్ బల్బు గుండా కుడివైపు బల్బుల్లోకి వెళ్లి, అక్కడి నుంచి ఎర్త్‌కు చేరుతుంది. కుడి బల్బులు 21 వాట్లవి కాబట్టి ఈ కొద్దిపాటి కరెంటుకు వాటి ఫిలమెంటు కనీసం ఎర్రబడదు. ఎంతో తెలివైన ఏర్పాటు ఇది, ఒక వైరు మిగిలింది. ఎల్‌ఈడీలకు మాత్రం ఆ కొద్ది కరెంటే ఎక్కువ. అవి చక్కగా వెలిగిపోతాయి.

అనుమానం తీరాలంటే పైలట్ బల్బును హోల్డర్ నుంచి తీసి చూడండి. రెండు వైపులూ విడివిడిగా పనిచేస్తే కారణం దొరికినట్టే. పైలట్ లేకుండా నడపమని నేను చెప్పను. ఇండికేటర్ వేసి మరిచిపోయి మైళ్లకొద్దీ వెళ్లడం ప్రమాదకరం.

దీనికి రెండు 1ఎన్4007 డయోడ్లు (కరెంటును ఒక దిశలోనే పోనిచ్చే చిన్న భాగాలు) చాలు. ప్రతి డయోడు మీదా ఒక చివర గీత ఉంటుంది. గీత లేని కొసల్లో ఒకటి ఎడమ వైరుకు, రెండోది కుడి వైరుకు కలపండి. గీత ఉన్న రెండు కొసలనూ కలిపి పైలట్ హోల్డర్ వైర్లలో ఒకదానికి ఇవ్వండి. హోల్డర్ రెండో వైరును ఫ్రేము ఎర్త్‌కు కలపండి. ఇక ఏ వైపు వేసినా పైలట్ వెలుగుతుంది, కరెంటు అవతలి వైపుకు దాటదు. పాజిటివ్ ఎర్త్ బండిలో డయోడ్లను తిప్పి పెట్టాలి. అతుకులకు టంకం వేసి, వేడికి ముడుచుకుని పట్టే ష్రింక్ ట్యూబు తొడగండి. అసలు వైరింగును కోయకుండా, ఉన్న కనెక్టర్ల మధ్యలో పట్టేలా చిన్న వైరు ముక్క మీద ఇదంతా చేసుకోవచ్చు. ఏ రోజైనా బండిని పాత స్థితికి తేవాలంటే ఆ ముక్క తీసేస్తే సరిపోతుంది. ఎడమకూ కుడికీ వేరువేరు పైలట్లున్న బండికి ఈ తంటా లేదు.

అమర్చి చూసుకోవడం

ప్రతి ఎల్‌ఈడీని బిగించేముందు నేరుగా బ్యాటరీకి తాకించి చూడండి. హోల్డర్ లోపల తుప్పును ఉప్పు కాగితంతో గీకి, అడుగున స్ప్రింగు బాగా ఎగదన్నుతోందో లేదో చూడండి. పాత ఇండికేటర్లకు వాటి క్రోము కాడే ఎర్త్. కొత్తగా రంగు వేయించిన ఫ్రేము అయితే బోల్టు కింద రంగు అడ్డుపడుతుంది. అక్కడ కొంచెం గీకండి, లేదా హోల్డర్ నుంచి ఫ్రేముకు విడిగా ఒక వైరు లాగండి. రబ్బరు మీద బిగించే కాడలకు ఎలాగూ ఆ వైరు ఉండాలి.

అంతా కలిపాక గడియారం చూస్తూ లెక్కపెట్టండి. నిమిషానికి 60 నుంచి 120 సార్లు మిణుకుమనాలి. ఇరవై అడుగులు ముందుకూ వెనక్కూ నడిచి, పక్కనుంచి కూడా, మిట్టమధ్యాహ్నపు ఎండలో చూడండి. రాత్రి ఏ ఎల్‌ఈడీ అయినా బాగానే కనిపిస్తుంది, ఎండలోనే తేడా తెలుస్తుంది. పాత బల్బుకన్నా మసకగా ఉంటే మొహమాటపడకుండా ఆ ఎల్‌ఈడీని తీసేసి మంచిది వెతకండి. మీరు ఎటు తిరుగుతున్నారో వెనక వచ్చేవారికి కనిపించడమే ఇక్కడ ముఖ్యం.

తీసిన పాత బల్బుల్లో రెండింటిని గుడ్డలో చుట్టి పనిముట్ల సంచిలో ఉంచుకోండి. కొత్త ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ మీద రాసి ఉన్న వాట్ల పరిమితిలో ఉన్నంతవరకు అవి కూడా దానితో పనిచేస్తాయి. దారిలో ఒక ఎల్‌ఈడీ పోతే, పాత బల్బు తొడిగి ఇంటిదాకా రావచ్చు.